పెరటి పక్షులు, పొరుగువారి హక్కులు

సమస్త స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. నేలపై నడిచే వాటికి కాళ్లను, గాలిలో తేలే వాటికి రెక్కలను ప్రసాదించినవాడు ఆయనే. ఏ పుట్టలో ఏ చీమ ఆకలిగొని ఉందో ఎరిగినవాడు ఆయనే. మనం ఆయననే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, మన తప్పిదాలకు ఆయన మన్నింపునే వేడుకుంటున్నాము. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, ప్రియ సహచరులపై అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా, సోదరీమణులారా! ముందుగా మనకు మనమే దైవభీతిని బోధించుకుందాం. దైవభీతి మస్జిద్ గోడల మధ్య మాత్రమే ఉండవలసిన గుణం కాదు. వంటింటిలో, అంగడిలో, పొరుగింటి గుమ్మం ముందు, చివరకు మన పెరటిలోనూ అది మన వెంట ఉండాలి. ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం పెరటికి సంబంధించినదే.

బోస్టన్ నగర శివార్లలో స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాలకు ఇప్పుడు ఈ దృశ్యం కొత్త కాదు. ఫజ్ర్ నమాజ్ ముగించుకుని కిటికీ తెర తొలగిస్తే, మంచు ఇంకా కరగని పచ్చికపై అడవి టర్కీ కోళ్లు వరుసగా నడిచి వెళుతుంటాయి. రాత్రంతా అవి ఎత్తైన చెట్ల కొమ్మలపై గడుపుతాయి. తెల్లవారగానే ఒక్కొక్కటిగా బరువుగా నేలకు దిగుతాయి. వసంతకాలంలో పుంజు తోకను విసనకర్రలా విప్పి నిలబడితే, దాని తల ఒకసారి ఎర్రగా, ఒకసారి నీలంగా, మరొకసారి తెల్లగా కనిపిస్తుంది. వాటి వెనుక ఉడుతలు, కుందేళ్లు. సాయంత్రం చీకటి పడేవేళ అంచున నిలబడి చెవులు రిక్కించే జింకలు. పిల్లలు అల్పాహారం మరచి కిటికీకి అతుక్కుపోతారు. నిజం చెప్పాలంటే పెద్దలమూ అంతే.

చూసి ఆనందించడం తప్పు కాదు

కొందరు సోదరులు ఇది కాలక్షేపమే కదా, ధర్మానికి దీనితో ఏమి పని అని అడుగుతారు. దివ్య ఖుర్ఆన్ పశువుల వల్ల కలిగే ప్రయోజనాలను లెక్కిస్తూ, వాటిని ఉదయం మేతకు తోలేటప్పుడు, సాయంత్రం ఇంటికి మళ్లించేటప్పుడు వాటిలో మనకు ఒక అందం కూడా ఉన్నదని ప్రత్యేకంగా ప్రస్తావించింది. పాలు, మాంసం, బరువులు మోయడం మాత్రమే కాదు, కంటికి కలిగే ఆహ్లాదం కూడా అల్లాహ్ అనుగ్రహాల జాబితాలో చేరింది. నేలపై సంచరించే ప్రతి ప్రాణి, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షి మనలాంటి సమాజాలేనని కూడా ఖుర్ఆన్ మనకు తెలియజేస్తున్నది.

దైవప్రవక్త (స) వారి సహచరుడు హజ్రత్ అనస్ (రజి) గారికి ఒక చిన్న తమ్ముడు ఉండేవాడు. ఆ బాలుడు ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. ఆ పిట్ట చనిపోయి బాలుడు దిగులుగా కూర్చున్నప్పుడు, దైవప్రవక్త (స) అతన్ని ముద్దుపేరుతో పిలిచి, పిట్ట సంగతి అడిగి ఓదార్చారు. సమాజ భారమంతా భుజాలపై ఉన్న వ్యక్తికి ఒక పసివాడి పిట్ట చిన్న విషయంగా తోచలేదు. కాబట్టి మన పిల్లలు పక్షిని చూసి కేరింతలు కొడితే అడ్డుకోకండి. ఆ సంతోషాన్ని సృష్టికర్త వైపు మళ్లించండి, అంతే.

మన పూర్వికులు కూడా ఈ పక్షిని చూసి అబ్బురపడ్డారు. 1612లో ముఖర్రబ్ ఖాన్ గోవా నుంచి మొగల్ చక్రవర్తి జహంగీర్‌కు తెచ్చి సమర్పించిన వింత జీవులలో టర్కీ కోడి ఒకటి. దాని తల, మెడ రంగులు మారడాన్ని చక్రవర్తి తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. ఉస్తాద్ మన్సూర్ గీసిన దాని చిత్రం నేటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇక దీని పేర్ల సంగతి చూడండి. ఆంగ్లేయులు దీనికి టర్కీ దేశం పేరు పెట్టారు. తుర్కులు దీన్ని ‘హిందీ’ అన్నారు. అరబ్బులు ‘రూమీ కోడి’ అన్నారు. ప్రతి జాతీ ఇది మరొకరి నుంచి వచ్చిందనుకున్నది. కాని ఇది మొదటి నుంచీ అమెరికా ఖండపు పక్షి. మీరు ఎక్కడివారు అన్న ప్రశ్నను నిత్యం ఎదుర్కొనే మనకు, మన పెరటిలో నడిచే ఈ పక్షే ఇక్కడి అసలు నివాసి అని తెలిస్తే కొంత వినయం కలగాలి. ఇక్కడ మనం దానికి అతిథులం.

కనుమరుగై తిరిగి వచ్చిన పక్షి

ఈ నివాసి ఒకప్పుడు ఈ రాష్ట్రం నుంచి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. వ్యవసాయం కోసం మసాచుసెట్స్ అడవులను నరికివేశారు, హద్దూ అదుపూ లేకుండా వేటాడారు. ఇక్కడి చివరి అడవి టర్కీ కోడి 1851లో మౌంట్ టామ్ కొండపై చంపబడినట్లు నమోదైంది. ఆ తర్వాత నూట ఇరవై ఏళ్ల పాటు ఈ అడవులలో దాని కూత వినిపించలేదు.

ఇరవయ్యవ శతాబ్దంలో దాన్ని తిరిగి తీసుకురావాలని పలుమార్లు ప్రయత్నించారు. మనుషులు దాణా వేసి పెంచిన పక్షులను తెచ్చి అడవిలో వదిలారు. అవి నిలవలేదు. మనిషి చేతి గింజలకు అలవాటుపడిన వాటికి అడవిలో ఎలా బ్రతకాలో తెలియదు. చివరకు 1972, 1973 సంవత్సరాలలో న్యూయార్క్ రాష్ట్రం నుంచి 37 అడవి పక్షులను పట్టి తెచ్చి, పశ్చిమాన బర్క్‌షైర్ కొండలలో వదిలారు. అవి నిలిచాయి. ఈనాడు ఈ రాష్ట్రంలో వాటి సంఖ్య ముప్పై వేలకు పైమాటే.

సోదరులారా! ఈ చరిత్రలో ఒక పాఠం ఉంది. కత్తితో చంపినట్లే, అతి ఆప్యాయతతోనూ ఒక ప్రాణిని అశక్తం చేయవచ్చు. ఈ పాఠాన్ని మనం పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మన స్వంత తప్పిదం ద్వారా నేర్చుకున్నాము. దాన్ని దాచకుండా ఈ వేదికపై నుంచి చెప్పడం మన బాధ్యత.

మన చేతులతో జరిగిన పొరపాటు

గత రమజాన్ మాసంలో ఇఫ్తార్ తర్వాత మిగిలిన బిర్యానీ అన్నాన్ని, రొట్టె ముక్కలను మనలో కొందరు మస్జిద్ వెనుక పచ్చికపై వేయసాగారు. ఉద్దేశం మంచిదే. నేలపై ఇంకా మంచు ఉన్నది, పక్షులకు తిండి దొరకదనుకున్నాము. మన ఊళ్లలో నానమ్మలు వాకిట్లో నూకలు చల్లి పిచ్చుకలను పిలిచేవారు, వసారా చూరుకు వరి కంకుల కుచ్చులు కట్టేవారు. ఆ జ్ఞాపకమే మన చేతిని కదిలించింది. మొదట మూడు పక్షులు వచ్చాయి. నెల ముగిసేసరికి ఇరవైకి పైగా వచ్చాయి. ఇమామ్ గారి కారు శబ్దం వినగానే పరుగెత్తుకు వచ్చేవి. మనం మురిసిపోయాము, ఫోటోలు తీసుకున్నాము.

షవ్వాల్ మాసం వచ్చింది. మిగిలిన అన్నం లేదు, వేసేవారూ లేరు. వసంతం రావడంతో పుంజులకు పోరాటపు కాలం మొదలైంది. టర్కీ కోళ్ల మందలో ఎవరు పై, ఎవరు కింద అన్న క్రమం ఉంటుంది. మనిషి అంటే భయం పోయిన పక్షి మనిషిని కూడా ఆ క్రమంలో చేర్చుకుంటుంది, తనకంటే బలహీనుడిగా తోచినవారిపైకి వస్తుంది. కార్ల తలుపులలో తమ ప్రతిబింబాన్ని చూసి పొడిచాయి. దారిన పోయేవారిని వెంబడించాయి. ఒక ఉదయం మస్జిద్ పక్కింటి వృద్ధురాలు ఉత్తరాల పెట్టె దగ్గరకు వెళ్లినప్పుడు రెండు పుంజులు ఆమెపైకి వచ్చాయి. ఆమె వెనక్కి తగ్గబోయి పడిపోయింది. ఆమె మణికట్టు విరిగింది.

ఆ వారం మన మధ్య చాలా మాటలు నడిచాయి. పక్షి చేసిన పనికి మనమేమి చేయగలమన్నారు కొందరు. మనం పెట్టింది సదఖా, సదఖా వల్ల కీడు ఎలా జరుగుతుందన్నారు మరికొందరు. అప్పుడు ఒక తాతగారిని ఆయన మనవరాలు అడిగింది: “మరి ఆ అవ్వకి దెబ్బ ఎవరి వల్ల తగిలింది, తాతా?” రోజూ అన్నపు గిన్నె పట్టుకుని వెళ్లింది ఆ తాతగారే. ఆయన చాలాసేపు తల వంచుకుని కూర్చున్నారు. తర్వాత కమిటీ ముందుకు వచ్చి, “ఆమె ఇంటికి వెళదాం. నేను చెబుతాను” అన్నారు. ఆ ఒక్క మాటతో మన వాదనలన్నీ ముగిశాయి.

కారుణ్యానికి రెండు ముఖాలు

ఇప్పుడు ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుదాం. మంచి ఉద్దేశంతో పెట్టిన తిండి కీడుగా ఎలా మారింది?

ఒక స్త్రీ పిల్లిని బంధించి ఉంచిందని, దానికి తానుగా ఆహారం పెట్టలేదని, నేలపై దొరికే పురుగు పుట్రను తినడానికి దాన్ని వదిలిపెట్టనూ లేదని, ఆ కారణంగా ఆమె నరకశిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాము. కాని దానిలోని రెండు మార్గాలను గమనించామా? ప్రాణిని నీ ఆధీనంలో ఉంచుకుంటే దాని తిండి నీ బాధ్యత. లేదంటే దాన్ని వదిలిపెట్టు, అల్లాహ్ నేలపై దానికి భోజనం పరిచి ఉంచాడు. మన ఇంటి కోడి మొదటి మార్గానికి చెందినది. సాయంత్రం గంప కింద మూసి, ఉదయం గింజలు చల్లడం మన విధి. అడవి టర్కీ కోడి రెండవ మార్గానికి చెందినది. దాని విషయంలో కారుణ్యమంటే దాని దారిని దానికి విడిచిపెట్టడం, దాని భోజనపు పళ్లెమైన చెట్టును, నేలను పాడుచేయకుండా ఉండటం.

అల్లాహ్‌పై నిజమైన నమ్మకం ఉంచేవారికి పక్షులను ఉదాహరణగా చూపుతూ, అవి ఉదయం ఖాళీ కడుపుతో వెళ్లి సాయంత్రం నిండు కడుపుతో తిరిగి వస్తాయని దైవప్రవక్త (స) బోధించారు. పక్షి గూటిలో కూర్చోదు, వెళుతుంది. మంచు కాలంలో కూడా ఈ టర్కీ కోడి కాళ్లతో ఆకులను తవ్వి ఓక్ కాయలను వెతుక్కుంటుంది. మనం అన్నం కుప్ప పోసి ఆ వెళ్లడాన్ని ఆపివేశాము. నమ్మకానికి నిదర్శనమైన పక్షిని మన తలుపు దగ్గర కాచుకునే పక్షిగా మార్చాము.

మరి దాహంతో అలమటిస్తున్న కుక్కకు బావిలోని నీళ్లు తోడి పోసిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడు కదా అని మీరు అడగవచ్చు. అవును. అది ఆపదలో ఉన్న ప్రాణిని కాపాడటం. రెక్క విరిగిన పక్షి కనిపిస్తే నేటికీ మన విధి అదే. గాయపడిన వన్యప్రాణులను చూసుకునేందుకు అనుమతి పొందినవారికి కబురు చేయాలి. ఆపదలో ఆదుకోవడం వేరు, ఆపద లేని దానికి మనపై ఆధారపడే అలవాటు నేర్పడం వేరు.

ఇక పొరుగువారి హక్కు. ఎవరి కీడు నుంచి పొరుగువాడు సురక్షితంగా ఉండడో అతడు విశ్వాసి కాజాలడని దైవప్రవక్త (స) ప్రమాణం చేసి మరీ చెప్పారు. ఆ పొరుగువాడు ముస్లిమా కాదా అన్న షరతు అక్కడ లేదు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ఫలితానికి మనం బాధ్యులం కాకుండా పోము. ఖుర్ఆన్‌లో సులైమాన్ (అలైహిస్సలాం) సైన్యం వస్తున్నప్పుడు ఒక చీమ తన తోటి చీమలను హెచ్చరించిన సంఘటన ఉంది. ఆ సైన్యం తెలియకనే తమను తొక్కివేస్తుందేమోనని దాని భయం. తెలియకుండా జరిగే హాని కూడా హానియే. ఆ మాట విని సులైమాన్ (అలైహిస్సలాం) చిరునవ్వు నవ్వారు, సత్కార్యాలు చేసే భాగ్యాన్ని ఇవ్వమని అల్లాహ్‌ను వేడుకున్నారు. బలం ఉన్నవాడు తన పాదం ఎక్కడ పడుతున్నదో చూసుకోవాలి.

మనం చేయవలసినవి

సోదరీ సోదరులారా! పశ్చాత్తాపం మాటతో ముగియదు, నడవడిక మారాలి.

అడవి టర్కీ కోళ్లకు తిండి వేయవద్దని ఈ రాష్ట్ర వన్యప్రాణి శాఖ కూడా సూచిస్తున్నది. చిన్న పిట్టల కోసం దాణా గిన్నె వేలాడదీసినవారు కింద రాలిన గింజలను శుభ్రం చేయాలి. టర్కీ కోళ్లు గుమిగూడటం మొదలైతే కొంతకాలం ఆ గిన్నెనే తీసివేయాలి. పుంజు మీ దారికి అడ్డు వస్తే పరుగెత్తకండి. చీపురు చూపి, లేదా నీళ్ల గొట్టంతో చల్లి, ధైర్యంగా ముందుకు నడవండి. దాన్ని భయపెట్టి అడవికి పంపడం ఇక్కడ దాని ప్రాణానికే మేలు. అయితే రాళ్లు రువ్వడం, గురిచూసి కొట్టి ఆడుకోవడం మన పిల్లలకు నిషిద్ధమని నేర్పండి. ప్రాణమున్న దాన్ని ఆటకు గురిగా నిలపడాన్ని దైవప్రవక్త (స) కఠినంగా వారించారు.

వసంతంలో పొదలు కత్తిరించే ముందు, గడ్డి కోసే యంత్రం నడిపే ముందు ఒకసారి వంగి చూడండి. టర్కీ పెట్ట నేలమీదే గూడు చేసుకుంటుంది. సుమారు 28 రోజులు గుడ్లపై కదలకుండా పొదుగుతుంది. ఒకసారి ప్రయాణంలో సహచరులు ఒక పిట్ట పిల్లలను తీసుకున్నారు. తల్లి రెక్కలు కొట్టుకుంటూ తిరగడం చూసి, దీన్ని దీని పిల్లల విషయంలో ఎవరు బాధపెట్టారని దైవప్రవక్త (స) అడిగి, వాటిని తిరిగి ఇవ్వమని ఆజ్ఞాపించారు. ఆ తల్లి కోసం మనం నాలుగు వారాలు పొద కత్తిరించకుండా ఆగలేమా? గడ్డిలో ఒంటరిగా పడుకున్న జింకపిల్ల కనిపిస్తే ఎత్తుకుని తేకండి. దాని తల్లి దాన్ని అక్కడ దాచి మేతకు వెళ్లింది, తిరిగి వస్తుంది. అలాగే గడ్డిలో తిరిగివచ్చిన పిల్లల కాళ్లు, మెడ వెతికి చూడండి. ఇక్కడి జింకపేలు లైమ్ వ్యాధిని కలిగిస్తాయి. జాగ్రత్త పడటం కూడా అల్లాహ్‌పై నమ్మకంలో భాగమే.

పక్షులకు పెట్టాలనే మీ మనసును చంపుకోకండి, దాన్ని సరైన దారికి మళ్లించండి. ఒక విశ్వాసి మొక్క నాటితే, దాని నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతని ఖాతాలో సదఖాగా చేరుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. పెరటిలో ఓక్ మొక్క నాటండి. దాని ఆకులపై వందల రకాల గొంగళిపురుగులు బ్రతుకుతాయి, వాటిని పిట్టలు తమ పిల్లల నోటికి అందిస్తాయి. దాని కాయలను టర్కీ కోడి తింటుంది. ఉడుత పాతిపెట్టి మరచిన కాయ మరో చెట్టవుతుంది. మన ఊళ్ల జిల్లేడుకు చుట్టమైన మిల్క్‌వీడ్ నాటండి. మోనార్క్ సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది దానిపైనే. ఉత్తర అమెరికాలో 1970 నుంచి దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ లోటును ఒక గిన్నెడు అన్నం పూడ్చలేదు, చెట్టు మాత్రమే కొంత పూడ్చగలదు.

ఇన్ని మాటలు చెప్పుకున్న మీదట మీ కోసం, నా కోసం, సమస్త ముస్లింల కోసం అల్లాహ్ మన్నింపును వేడుకుంటున్నాను. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, దయామయుడు.

రెండవ ఖుత్బా

స్తోత్రాలు అల్లాహ్‌కే. దైవప్రవక్త (స)పై శాంతి శుభాలు కలుగుగాక!

సోదరులారా! మనం ఆ వృద్ధురాలి ఇంటికి వెళ్లాము. ముందుగా మాట్లాడింది ఆ తాతగారే. పక్షులకు అన్నం వేసింది మేమేనని, అందువల్లే అవి మీపైకి వచ్చాయని చెప్పి క్షమాపణ అడిగారు. అప్పటివరకు ఆమెకు ఆ సంగతి తెలియదు. కొంతసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. తర్వాత, చేయి నయమయ్యేవరకు ఇంటి ముందు పనులకు ఎవరైనా సాయం చేయగలరా అని అడిగారు. వైద్యానికి ఆమె భరించవలసి వచ్చిన ఖర్చును మనం జకాత్ నిధి నుంచి కాక, మన జేబుల నుంచే చెల్లించాము. అది జకాత్ కాదు, మన బాకీ. మన యువకులు ఆమె ఇంటి దారిలోని మంచును ఈ శీతాకాలంలోనూ తొలగిస్తున్నారు. దాన్ని ఉపకారమని ఎవరూ అనకండి. అదీ బాకీయే.

పుంజులు మనుషుల వెంట పడటం ఆపకపోతే చంపక తప్పదని అధికారులు అప్పట్లో హెచ్చరించారు. అల్లాహ్ దయ వల్ల అంత దూరం రాలేదు. తిండి ఆగి, చీపుర్లు కనిపించిన కొన్ని వారాలకు అవి చెట్ల వైపు మళ్లాయి. జూన్ నెలలో ఒక పెట్ట తన పిల్లలతో మస్జిద్ వెనుక గడ్డిని దాటి వెళ్లింది. మనం కిటికీ దగ్గరే నిలబడి చూశాము. ఎవరి చేతిలోనూ గిన్నె లేదు. ఆ తాతగారు మాత్రం వాటిని లెక్కపెడుతూ, “అల్‌హందులిల్లాహ్, పదకొండు” అన్నారు.

ఓ అల్లాహ్! మా మంచి ఉద్దేశాలకు మంచి జ్ఞానాన్ని జతచేయి. మా చేతుల వల్ల, మా నిర్లక్ష్యం వల్ల ఏ మనిషికీ, ఏ ప్రాణికీ హాని కలగకుండా కాపాడు. తప్పు చేసినప్పుడు దాన్ని ఒప్పుకునే ధైర్యాన్ని ప్రసాదించు. మా పొరుగువారికి ఆరోగ్యాన్ని, మా పిల్లలకు నీ సృష్టిని చూసి నిన్ను గుర్తించే కళ్లను ప్రసాదించు. మేము విడిచివచ్చిన ఊళ్లలోని మా పెద్దలను, వారి వాకిళ్లను, ఆ వాకిళ్లలో వాలే పిచ్చుకలను చల్లగా చూడు. ఆమీన్.

లేవండి, వరుసలను సరిచేసుకోండి. అల్లాహ్ మీపై కరుణ చూపుగాక!